మూడు రౌండ్లు

21 మార్చి 1986, శుక్రవారం

బాజీని ఇంటికి తెచ్చాం. మద్రాసు నుంచి వ్యానులో పదకొండు గంటలు. ప్రతి గుంటకీ నేను వెనక్కి తిరిగి చూశాను. ముంతాజ్ వాడి తలను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వాడికి మాత్రం గుంటలు తెలియలేదు. నడుము కింద వాడికి ఇంకేదీ తెలియదు.

బయల్దేరేముందు పెద్ద డాక్టరు నాతో ఇంగ్లీషులో ఏదో చెప్పి వెళ్ళాడు. నెల్లూరు నర్సు ఒకామె దాన్నే తెలుగులో చెప్పింది. "మీ తమ్ముడు ఇంక లేచి నిలబడటం ఉండదండీ. వీపున పుండ్లు పడకుండా చూసుకోండి, అదే పెద్ద పని." ముంతాజ్‌కి చెప్పలేదు. మరదలు మొహం చూస్తే ముందే తెలిసినట్టుంది.

ముందు గదిలో మంచం వేశాం. ఇరవయ్యారేళ్ళ వాణ్ణి నేనూ వ్యాను డ్రైవరూ దుప్పట్లో ఎత్తి పడుకోబెట్టాం. వాడు గది అంతా ఒకసారి చూశాడు.

"బండి ఏదన్నా?"

"షెడ్డులో ఉంది. హాండిల్ వంగింది. ముందు చక్రం సొట్టపోయింది. చేద్దాంలే."

"చైను?"

"లేదు. పడ్డప్పుడు ఆడే ఊడిపోయుండిద్ది."

తల ఊపి కళ్ళు మూసుకున్నాడు.

పడ్డప్పుడు ఏదైనా ఊడిపోతుంది.

22 మార్చి

షెడ్డు తెరవలేదు.

27 మార్చి

మద్రాసు పక్క షోలవరంలో జరిగిన మోటారుసైకిల్ రేసు గురించి వాడు ఇవాళ మొదటిసారి మాట్లాడాడు. ఎప్పుడో విమానాలు దిగిన రన్‌వే అట. కనుచూపు మేర సిమెంటేనట. ముంతాజ్ వాడికి గడ్డం గీస్తుంటే సబ్బు నురగ మధ్య నుంచే చెబుతున్నాడు.

"మూడు రౌండ్లూ నా ముందు ఎవుడూ లేడే. మద్రాసోళ్ళు, బెంగుళూరోళ్ళు అందరూ ఎనకే. నా ముందు ఉత్త రోడ్డు."

"నాలుగోది?" అంది ముంతాజ్.

"గుర్తులేదు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచిందే గుర్తు." తర్వాత నా వైపు చూసి మళ్ళీ అన్నాడు, గుర్తులేదని.

నేను ఆ రేసుకు వెళ్ళలేదు. నా షెడ్డులో ఒక లారీ ఇంజను విప్పి ఉంది, వదిలి వెళ్ళలేకపోయాను. కానీ బండి కట్టింది నేనే. పాత యెజ్డీ మోటారుసైకిలు. ఏడాది పాటు ఒక్కొక్క సామానూ తెచ్చి కట్టాను. అందులో నా చెయ్యి పడని బోల్టు లేదు.

30 మార్చి, ఆదివారం

రామబ్రహ్మం గారి ఉత్తరం వచ్చింది. ఆయనది మా ఊరే. మద్రాసులో ప్రింటింగు ప్రెస్సు పెట్టుకున్నాడు. రేసుల రోజుల్లో మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడతాడు. బాజీకి రేసుల దారి చూపించింది ఆయనే, పడ్డాక ఆస్పత్రిలో చేర్చిందీ ఆయనే.

ఏప్రిల్ 13 ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆ రేసును టీవీలో అరగంట వేస్తారట. బాజీ నడిపిన పోటీ మొత్తం తీశారట. "నేను మొదటి మలుపులో ఉన్నాను కనుక బాజీ పడటం నా కంటపడలేదు. కెమెరా మాత్రం సరిగ్గా రెండో మలుపులోనే ఉంది. అందులో అంతా వచ్చి ఉంటుంది. ఎలాగైనా చూడండి. ఇంత శ్రమపడి తీస్తే చూసేవాళ్ళు లేరని టీవీ వాళ్ళు అనుకుంటున్నారు. వచ్చే ఏడు తీస్తారన్న నమ్మకం నాకు లేదు."

బాజీ ఆ ఉత్తరాన్ని నా చేత మూడుసార్లు చదివించాడు. ఇంటికి వచ్చాక వాడు నవ్వడం ఇదే మొదలు.

నాకూ చూడాలనే ఉంది. ఎందువల్ల పడ్డాడో తెలిస్తే మంచిదే కదా. రోడ్డు మీద ఇసుక ఉందేమో. ఎవడైనా అడ్డం వచ్చాడేమో.

5 ఏప్రిల్

మిల్లు చెన్నకేశవరావు గారు కలర్ టీవీ కొన్నారు. పాత బ్లాక్ అండ్ వైట్ మూల పడి ఉందని తెలిసి అడిగాను. పదిహేనేళ్ళుగా ఆయన కారు నా దగ్గరే బాగవుతోంది. "తీసుకుపోవయ్యా, పిల్లాడు పడుకుని చూసుకుంటాడు" అన్నారు.

తీసుకొచ్చి పెడితే ముంతాజ్ గుమ్మంలో నిలబడింది.

"ఆయన పడేది ఆయనకే చూపిస్తారా బావా? అదేం సరదా?"

మంచం మీద నుంచి బాజీ అన్నాడు. "నువ్వు పడేది చూడమాక. అప్పుడు కళ్ళు మూసుకో."

12 ఏప్రిల్

డాబా మీద ఇరవై అడుగుల పైపుకి యాంటెన్నా కట్టాను. బూస్టరు పెట్టాను. తూర్పుకు తిప్పితే బొమ్మ అద్దంలా వచ్చింది. వార్తలు చదివే ఆమె చెవి కమ్మలు కూడా కనిపించాయి. బాజీ ఆమెకు సలాం పెట్టాడు. ముంతాజ్ పకపకా నవ్వింది.

నిద్ర పట్టేటట్టు లేదు.

13 ఏప్రిల్, ఆదివారం

బొమ్మ రాలేదు. గాలి ఎక్కువగా ఉంది.

14 ఏప్రిల్

గాలికి పైపు తిరిగిపోయింది. ఇరవై అడుగుల పైపు, గాలికి నిలవదు. నేను డాబా మీదే ఉన్నాను, అరగంటసేపూ పైపు పట్టుకునే ఉన్నాను. కింద నుంచి ముంతాజ్ "రాలా, ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తూనే ఉంది. ఎంత తిప్పినా రాలేదు. మా బజారులో ఎవరినైనా అడగమను, నిన్న మధ్యాహ్నం గాలి ఎట్లా ఉందో.

నేను దిగి వచ్చేసరికి బాజీ మొహం మీద చెమట. తెర నిండా చీమలు పాకుతున్నట్టుంది. వాడు దాన్నే చూస్తున్నాడు.

ముంతాజ్ ఇవాళ పొద్దున్నే చెన్నకేశవరావు గారింటికి పరిగెత్తింది. అక్కడైనా చూశారేమో, కనీసం ఎట్లా ఉందో చెబుతారేమోనని. ఆయన చెప్పింది ఇదట: "ఏందో బండ్లు గుండ్రంగా తిరుగుతున్నయ్యమ్మా. ఆ మోతకి తలనొప్పి వచ్చి కట్టేశా."

ఆ మాట బాజీకి చెప్పొద్దన్నాను. అప్పటికే చెప్పేసిందట.

"తిరుగుతున్నాయన్నాడుగా, అంటే చూశాడుగా. ముందున్న బండి మీద నంబరు ఏందో అడిగావా?" అన్నాడట వాడు. వాడి నంబరు ఇరవై మూడు.

20 ఏప్రిల్

రెండోసారి వేయమని టీవీ ఆఫీసుకు ఉత్తరం రాయమన్నాడు. వాడు చెబుతుంటే రాశాను. మంచానికి అంటుకుపోయినవాడు ఇంత వివరంగా ఎట్లా చెప్పగలిగాడో. మా పక్క పల్లెల్లో కూడా బండ్లు నడిపే కుర్రాళ్ళు ఉన్నారనీ, నేర్చుకోవడానికి వాళ్ళకి ఇంకో దారి లేదనీ, మద్రాసు వెళ్ళి చూడలేని వాళ్ళకి టీవీ ఒక్కటే దిక్కనీ. తన సంగతి ఒక్క ముక్క కూడా రాయించలేదు.

పోస్టు చేశాను.

11 మే

ఎండ మండిపోతోంది. రంజాన్ నెల, రోజా ఉపవాసాలు మొదలయ్యాయి. వాడి వీపున రూపాయి బిళ్ళంత పుండు. ముంతాజ్ రెండు గంటలకోసారి వాణ్ణి పక్కకు తిప్పుతోంది. మొదట్లో వాణ్ణి తిప్పడానికి నన్ను పిలిచేది. ఇప్పుడు తనే తిప్పగలుగుతోంది. వాడు అంత తేలికైపోయాడు.

18 మే, ఆదివారం

ముంతాజ్ ఎంత పని చేసింది! ఆ రేసు మళ్ళీ వేయమని అర్జీ ఒకటి రాయించుకుని లారీ స్టాండు, మెకానిక్ షెడ్లు, బస్టాండు అన్నీ తిరిగింది. రోజా ఉండి, ఆ ఎండలో నాలుగు రోజులు. నూట నలభై మూడు సంతకాలు. సంతకం రాని క్లీనర్లు వేలిముద్రలు వేశారు. రాజుపాలెం నుంచి మిరపకాయల లోడుతో వచ్చిన డ్రైవరు ఒకతను, "ఈ రేసులు నేను చూళ్ళేదు గానీ, ఆ పిల్లాడు కోటప్పకొండ రోడ్డులో నడపటం చూశానమ్మా" అని పెట్టాడట.

కాగితాలు బాజీ గుండెల మీద పరిచింది. వాడు ఒక్కొక్క పేరే చదువుకున్నాడు. సాయంత్రం దాకా చదివాడు.

కవరు నా చేతికిచ్చారు. పోస్టు చేశాను.

9 జూన్

పండగ. నమాజు నుంచి వచ్చి వాణ్ణి కౌగిలించుకున్నాను. "జవాబు వచ్చిందా?" అన్నాడు. ముబారక్ కూడా చెప్పలేదు.

21 జూన్

జవాబు రాలేదు. ప్రభుత్వం పని, ఆలస్యమవుతుంది.

14 జులై

రామబ్రహ్మం గారు కార్డు రాశారు. వచ్చే ఏడు నుంచి షోలవరానికి టీవీ వాళ్ళు రారట. ఆ ఆదివారం అరగంట ఇక సీరియల్‌కి ఇస్తారట. "ఈ రేసులను చూపించేది ఈ ఒక్క టీవీయే. అందులోనూ లేకపోతే ఈ ఆట నడిపేవాళ్ళకే గానీ బయట ఎవరికీ తెలియకుండా పోతుంది" అని రాశారు.

కార్డు బాజీకి చూపించకూడదనుకున్నాను. పోస్టుమాను నేరుగా మంచం దగ్గరికే వెళ్ళి ఇచ్చాడు.

బాజీ దాన్ని చదివి దిండు కింద పెట్టుకున్నాడు. తర్వాత, "వచ్చే ఏటిది పోతే పోనీ అన్నా. మొన్నటిది ఆళ్ళ దగ్గర ఉండే ఉండిద్ది. నువ్వు హైదరాబాదు పోయి అడగరాదా? నువ్వు అడిగితే ఇస్తారు" అన్నాడు.

నేను అడిగితే ఎందుకిస్తారు?

11 ఆగస్టు, సోమవారం, హైదరాబాదు

ఇక తప్పించుకోలేక వచ్చాను. టీవీ ఆఫీసులో మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టి చివరికి ఒక ఆఫీసరమ్మ దగ్గరికి పంపారు. పేరు ప్రేమకుమారి. మంచి మనిషి. కుర్చీ చూపించింది, మంచినీళ్ళు తెప్పించింది. అంతా విన్నది.

"ఆ టేపు ఇప్పుడు లేదండీ. మూడు నెలలు ఉంచుతాం, ఆ తర్వాత దాని మీదే వేరేది రికార్డు చేస్తాం. అన్నిటికీ అంతే. జులై పదమూడు దాకా ఉండి ఉంటుంది."

"ఇంక రేసులు వెయ్యరా అమ్మా?"

"వెయ్యడానికి ఒక కారణం చూపించాలి గదండీ. క్రికెట్ ఆపితే జనం ఊరుకోరు. సీరియల్ ఆపితే ప్రకటనలిచ్చే కంపెనీలు ఊరుకోవు. దీన్ని ఆపితే అడిగేవాళ్ళెవరు? ఆ అరగంట మీద మాకు వచ్చినవి మొత్తం మూడు కార్డులు. అందులో ఒకటి, అసలు ఎందుకు వేశారని తిట్టింది."

ఆమె ఫైలు మూసి కళ్ళజోడు తీసింది.

"మీరు ఇంత దూరం వచ్చారు కాబట్టి చెబుతున్నా. మే నెలలోనో జూన్‌లోనో ఓ వంద సంతకాలతో ఒక్క అర్జీ వచ్చినా నేను మళ్ళీ వేయించేదాన్ని. ఢిల్లీ వాళ్ళకి చూపించడానికి నాకూ ఒక కాగితం ఉండేది. మీ ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు ఒక్కళ్ళూ లేకపోయారా?"

బస్సు ఎక్కాను. నల్గొండ దాటాక రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

12 ఆగస్టు

ఇది నా డైరీ. దీంట్లో కూడా అబద్ధాలే రాశాను.

ఏప్రిల్ 13న గాలి లేదు. ఆకు కదలలేదు. పైపును బిగించిన క్లాంపు వదులు చేసింది నేను. మూడింటికి బొమ్మ బాగానే ఉంది. సంగీతం మొదలవగానే పైపును పడమటికి తిప్పాను. ముంతాజ్ ఇంకొంచెం అన్నప్పుడల్లా ఇంకొంచెం తిప్పాను. ఒకసారి పట్టు జారి పైపు వెనక్కి తిరిగింది. కింద నుంచి ఇంజను మోత వినబడింది. వెంటనే బాజీ గొంతు, "అదే! అది మన బండే!" అని. అప్పుడు రెండు చేతులతో పట్టుకుని తిప్పాను.

ఉత్తరం పోస్టు చేయలేదు. అర్జీ పోస్టు చేయలేదు. ఉత్తరాన్ని స్టవ్ మీద కాల్చాను. నూట నలభై మూడు సంతకాలు కాల్చడానికి చేతులు రాలేదు. షెడ్డులో ఆయిలు డబ్బాల వెనక ఉన్నాయి.

చైను లాకు, అంటే చైను రెండు కొసలనూ కలిపి పట్టే చిన్న క్లిప్పు. కొత్తది గుంటూరులో దొరకలేదు. వాడు ఆ సాయంత్రమే బయల్దేరాలి. పాత లాకు వదులైంది, నాకు తెలుసు. పటకారుతో నొక్కి మళ్ళీ వేశాను. చేత్తో లాగి చూశాను, రాలేదు. చాల్లే అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను, "చాల్లే" అని.

ఆ లాకు ఊడి, చైను విడిపోయి వెనక చక్రానికి చుట్టుకుని ఉంటే, ఆ కెమెరాలో అది కనపడుతుంది. బాజీకి ఒక్క చూపు చాలు. నా తమ్ముడు నా పక్కన పడుకుని అది చూస్తుంటే ఆ గదిలో నేను ఎట్లా ఉండను?

అందుకే.

టేపు లేదని ఇవాళ పొద్దున చెబితే, "సరేలే అన్నా, చానా తిరిగావు, పడుకో" అన్నాడు.

17 ఆగస్టు, ఆదివారం

చెప్పేశాను. ముంతాజ్ నీళ్ళకు వెళ్ళినప్పుడు. లాకు సంగతి, యాంటెన్నా సంగతి, అర్జీ సంగతి, మూడూ చెప్పాను. వాడు పైకప్పు చూస్తూ విన్నాడు.

"చైను ఊడింది నాకు తెలుసన్నా" అన్నాడు.

నేను మంచం దగ్గరికి జరిగాను.

"రెండో మలుపులోకి పోతా ఉంటే టప్‌మంది. చక్రం బిగుసుకుపోయింది. ఇంక బండి నా మాట ఇనలా. ఆస్పత్రిలో పోలీసాయన వచ్చి అడిగితే గుర్తులేదన్నా. ఇంటికొచ్చినాక నీతోనూ అదే అన్నా. నీకు తెలిస్తే నువ్వు రెంచి పట్టుకోలేవని."

"మరి చూడాలని ఎందుకు అంత..."

"పడేది చూడాలని ఎవరన్నా అనుకుంటారా?" నా వైపు తల తిప్పాడు. "ముందు మూడు రౌండ్లు అన్నా. నన్ను నేను ఎప్పుడూ చూసుకోలా. ఎట్టా వొంగానో, మలుపులో ఎట్టా పడుకోబెట్టానో. కాళ్ళుండగా నేను ఎట్టా ఉన్నానో ఒక్కసారి చూడాలనుకున్నా. నడిపేవాడికి తన ఎనక ఏముందో తెలీదు, తన రూపూ తెలీదు. అది ఆ కెమెరా ఒక్కదానికే తెలుసు."

నేను వాడి చెయ్యి పట్టుకోబోయాను. వాడికి చేతులు బాగానే పనిచేస్తాయి. వెనక్కి తీసుకున్నాడు.

"చైనుకి నిన్ను ఏమీ అనను. చైను ఎవరిదైనా ఊడిద్ది. ఇది వేరు."

ముంతాజ్ బిందెతో వచ్చి మా మొహాలు చూసింది. ఏమైందని అడిగింది. ఇద్దరం చెప్పలేదు.

18 ఆగస్టు

ముంతాజ్‌కి తెలిసింది. బాజీ చెప్పి ఉంటాడు. షెడ్డులోకి వెళ్ళి ఆ కాగితాలు తెచ్చుకుంది. ఆయిలు మరకలు తన కొంగుతో తుడిచింది. అన్నం ఎప్పటిలాగే పెట్టింది.

30 ఆగస్టు

ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడుకుంటున్నాం, పరాయి ఇంట్లో ఉన్నట్టు.

7 సెప్టెంబరు, ఆదివారం

ముంతాజ్ వాళ్ళ నాన్న నాగూర్ వలి గారు గురజాల నుంచి వ్యాను తెచ్చారు. అక్కడ ఆమె అక్కచెల్లెళ్ళు ఉన్నారు, వంతులవారీగా చూసుకుంటారని. మాట న్యాయంగానే ఉంది. ఎవరూ పోట్లాడలేదు. వాణ్ణి దుప్పట్లో ఎత్తేటప్పుడు ఒక కొస నేనే పట్టుకున్నాను.

టీవీ కూడా తీసుకెళ్ళమన్నాను. "దేనికి?" అన్నాడు బాజీ.

వ్యాను వెళ్ళాక టీవీని చెన్నకేశవరావు గారింట్లో ఇచ్చి వచ్చాను.

2 డిసెంబరు

గురజాల నుంచి కబురు. జ్వరం తగ్గి మళ్ళీ వచ్చిందట. నన్ను రమ్మని అందులో లేదు.

1 ఫిబ్రవరి 1987, ఆదివారం, షోలవరం

కొత్త డైరీ కొనలేదు. పాతదాంట్లో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను.

రెండో మలుపు దగ్గర గడ్డిలో పొద్దున్నుంచి నిలబడ్డాను. రామబ్రహ్మం గారు చూపించారు, పోయినసారి కెమెరా నిలబెట్టిన చోటు ఇదేనని. ఈసారి ఏమీ లేదు. టీవీ వ్యాను లేదు. ముందు వరసలో కుర్చీలు సగం ఖాళీ.

పోయినసారి బాజీ నడిపిన పోటీ ఈసారి పన్నెండింటికి మొదలైంది. పదకొండు బండ్లు. ఇప్పటిదాకా నేను చెవులతోనే ఇంజన్లను ఎరుగుదును. ఇవాళ కళ్ళు పెట్టి చూశాను. మలుపులో పడుకోబెట్టినప్పుడు మోకాలు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. తల మాత్రం నిటారుగానే, ముందుకు చూస్తూ ఉంటుంది. ప్రతి రౌండూ రాసుకున్నాను. ముందున్నవాడు కోయంబత్తూరు కుర్రాడట. తన వెనక ఏముందో వాడికి తెలియదు.

వాడికి నేను చెప్పలేను, నువ్వు ఎట్లా ఉన్నావో నేను చూశానని. వాడు ఎవరో, నేను ఎవరో.

3 ఫిబ్రవరి, గురజాల

మధ్యాహ్నం బస్సు దిగి నడిచి వెళ్ళాను. ముంతాజ్ తలుపు తీసి, లోపలికి రమ్మంది. బాజీ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద పెద్దగా ఏమీ లేనట్టుంది.

"షోలవరం పోయొచ్చాన్రా" అన్నాను. నా తమ్ముణ్ణి నేను ఎప్పుడూ రా అనే పిలుస్తాను. ఈ మాట మాత్రం అతి మెల్లగా వచ్చింది.

గోడ వైపే ఉండి అడిగాడు. "టీవీవాళ్ళు వచ్చారా?"

"రాలేదు."

"ఇంక రారా?"

"రారంట."

"అయితే ఆ నడిపినోళ్ళు కూడా చూసుకోరు."

"చూసుకోరు."

నేను కాగితాలు తీసి మొదటి రౌండు చెప్పడం మొదలుపెట్టాను. జెండా పడటం, పదకొండు బండ్లు ఒకేసారి లేవడం, మలుపులో ఎవడు లోపలి నుంచి వచ్చాడో అన్నీ. ఆపమనలేదు, చెప్పమనీ అనలేదు. రెండో రౌండు దగ్గరికి వచ్చేసరికి ముంతాజ్ వచ్చి మంచం పక్కన కూర్చుంది. వాడి వీపు చూసి, నిద్రపోయాడు బావా అంది.

కాదు. నిద్రపోతే వాడి ఊపిరి ఎట్లా ఉంటుందో చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు.

మూడో రౌండు కూడా చెప్పాను. చెప్పి, కాగితాలు మడిచి, నాలుగింటి బస్సుకు వచ్చేశాను.